దమ్ములో రోటవేటర్ చైన్ పళ్ళు దాటుతోంది, ఏం మార్చాలి?

ప్రశ్న:
అన్నలకు నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద వరి వేస్తాం. 45 హెచ్‌పీ ట్రాక్టర్, ఆరడుగుల రోటవేటర్, 42 బ్లేడ్లు, సైడ్ చైన్ డ్రైవ్ (పక్క డబ్బాలోని చైనే బ్లేడ్లుండే రోటర్‌ను తిప్పుతుంది). పొడి దుక్కిలో బాగానే నడుస్తోంది. దమ్ములో, అంటే నీళ్ళు పెట్టిన మడిని బురదగా దున్నేటప్పుడు, దించి కాస్త లోతు ఇవ్వగానే చైన్ డబ్బాలోంచి టక్ టక్‌మని చప్పుడు. ఒక్కోసారి రోటర్ క్షణం ఆగి మళ్ళీ తిరుగుతోంది. పోయిన యాసంగిలోనే కొత్త చైన్ వేయించాను. ఒక మెకానిక్ లింకు ఒకటి తీసేస్తే బిగుతవుతుంది అంటున్నాడు. ఇంకొకాయన చైన్ డ్రైవే దండగ, గేర్ డ్రైవ్‌ది తీసుకో అంటున్నాడు. నారు ముదిరిపోతోంది. ఏం చేయమంటారు?

జవాబు:
తమ్ముడూ, లింకు మాత్రం తీయించకు. చైన్ సాగిందంటే ప్రతి పిన్ను దగ్గరా కొంచెం కొంచెం అరిగిందని. ఒక లింకు తీస్తే మొత్తం పొడవు తగ్గుతుంది గానీ పిన్నుకూ పిన్నుకూ మధ్య పెరిగిన దూరం తగ్గదు కదా. అది పళ్ళ మీద సరిగ్గా కూర్చోదు, మళ్ళీ దాటుతుంది. పైగా ఒక్కటే తీస్తే లింకుల లెక్క బేసి అవుతుంది, కలపడానికి వంకర లింకు వేయాలి. లోడు పడితే ముందు తెగేది అదే.

కొత్త చైన్ ఒక్క సీజన్‌కే ఇలా అయిందంటే నా అనుమానం చైన్ మీద కాదు. కింది స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) దగ్గరి ఆయిల్ సీలు, బేరింగు చూడాలి. దమ్ములో ఆ చివర గంటల తరబడి బురదలోనే మునిగి తిరుగుతుంది. సీలు కోసుకుపోతే ఆయిల్ బయటికి, బురద నీళ్ళు లోపలికి. దాంతో బేరింగు పోతుంది, స్ప్రాకెట్ ఒక పక్కకు ఒరుగుతుంది, చైన్ వంకరగా నడిచి ఒక వైపే అరుగుతుంది. అలాంటి చోట ఎంత మంచి చైన్ వేసినా నిలవదు.

రోటవేటర్ బాగా పైకెత్తి తిప్పినప్పుడు పీటీఓ షాఫ్ట్ (ట్రాక్టర్ నుంచి రోటవేటర్‌ను తిప్పే కడ్డీ) కీళ్ళలోని క్రాస్‌లు కూడా ఇలాగే కొట్టుకుంటాయి. నీకు దించి లోడు పడ్డాకే వస్తోంది కాబట్టి క్రాస్ కాకపోవచ్చు. అయినా ఎలాగూ షాఫ్ట్ విప్పుతావు, అప్పుడే క్రాస్‌లను చేత్తో ఊపి చూడు.

చెయ్యి పెట్టేముందు ఇంజిన్ ఆపి తాళం జేబులో వేసుకో. పీటీఓ షాఫ్ట్ విప్పేయి. కింద గట్టి దుంగలు పెట్టు, ఒట్టి హైడ్రాలిక్ లిఫ్ట్‌ను నమ్ముకుని కిందికి దూరొద్దు. పొరపాటున ఎవరి చెయ్యి లివర్‌కు తగిలినా మీద పడుతుంది. తర్వాత చైన్ డబ్బా వైపు రోటర్ చివర గడ్డపార పెట్టి మెల్లగా పైకీ కిందికీ ఎత్తి చూడు. కదలిక ఉంటే బేరింగు పోయినట్టే. డబ్బా కింద బోల్టు విప్పి ఆయిల్ ఒక తట్టలోకి దించు. అది ఏ రంగులో వచ్చిందో ఇక్కడ రాయి.

ఇంకొకరి జవాబు:
అన్న చెప్పింది కరెక్టే. కవర్ ఎలాగూ ఊడదీస్తారు కాబట్టి చైన్‌ను కొలవండి, కంటి అంచనా పనికిరాదు. విప్పి డీజిల్‌తో కడిగి, నేల మీద లాగిపట్టి 12 పిచ్‌లు కొలవాలి (పిచ్ అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం). ఒక ఇంచు పిచ్ చైన్ అయితే కొత్తలో 305 మిల్లీమీటర్లు వస్తుంది. 311 దాటిందంటే రెండు శాతం సాగింది, మార్చేయడమే మంచిది. స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా ఒక వైపు వంగి ఉంటే చైన్‌తో పాటు అవీ మార్చాలి. అరిగిన పళ్ళు కొత్త చైన్‌ను తినేస్తాయి. పోయినసారి మీకు చైన్ ఒక్కటే మార్చి పాత స్ప్రాకెట్లు అలాగే ఉంచారేమో అడగండి.

చైన్ వదులు కాకుండా నొక్కి ఉంచే టెన్షనర్‌ను చాలామంది పట్టించుకోరు. రోటర్ ట్రాక్టర్ చక్రం తిరిగే వైపే తిరుగుతుంది కాబట్టి లోడు లాగేది చైన్ వెనక వైపు, వదులుగా ఉండేది ముందు వైపు. టెన్షనర్ వదులు వైపే ఆనాలి. దాని పట్టీ అరిగి గాడి పడినా, స్ప్రింగు చచ్చుబడినా పొడి దుక్కిలో తెలియదు, దమ్ము లోడులో పన్ను దాటుతుంది. అలాగని బిగించి వదలకండి. వదులు వైపు మధ్యలో వేలితో నొక్కితే ఒకటి, రెండు సెంటీమీటర్లు ఆడాలి. మరీ బిగిస్తే బేరింగు మీద పడుతుంది. కలిపే లింకుకు క్లిప్పు ఉంటే దాని మూసిన కొస చైన్ నడిచే వైపు ఉండాలి.

అడిగిన రైతు:
అన్నా, విప్పాను. ఆయిల్ పాలు కలిపిన చాయ్ లెక్క వచ్చింది, వచ్చింది కూడా కొంచెమే. గడ్డపార పెడితే రోటర్ బాగా లేస్తోంది. షాఫ్ట్ చుట్టూ గడ్డి, దాని లోపల నైలాన్ తాడు బిగుసుకుపోయి ఉంది. కొడవలితో కోసి తీస్తే సీలు పెదవి సగం చిరిగి కనిపించింది. సీలు కూర్చునే చోట షాఫ్ట్ మీద గోరు తగిలేంత గాడి ఉంది. కొలిస్తే చైన్ 309 వచ్చింది, పళ్ళు బాగానే ఉన్నాయి. సీలు, బేరింగు తెస్తే సరిపోతుందా?

జవాబు:
చైన్ 309 అంటే ఈ సీజన్‌కు వాడుకోవచ్చు. లింకు లింకునూ వంచి చూడు, పట్టేసినది ఒక్కటున్నా మార్చు. ఆయిల్ చాయ్ రంగులో వచ్చిందంటే నీళ్ళు కలిసినట్టే, రోటరూ లేస్తోంది కాబట్టి బేరింగు, సీలు తప్పదు. కానీ ఆ గాడి మీదే కొత్త సీలు కూర్చోబెడితే వారం తిరక్కుండా మళ్ళీ కారుతుంది. సీలు రెండు, మూడు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చునే చోటుంటే కొత్త జాగా మీద పెదవి పడేట్టు పెట్టు. లేదంటే లేత్ షాపులో షాఫ్ట్‌కు స్లీవ్ (గాడిని కప్పే పలుచని తొడుగు) వేయించు. సీలు స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ వైపు ఉండాలి. పెదవికి గ్రీజు రాసి ఎక్కించు, సుత్తితో ఒక మూల కొట్టకు.

డబ్బా లోపల బురద ఒక్క రవ్వ మిగలకుండా డీజిల్‌తో కడుగు. పైన గాలి బెజ్జం ఉంటుంది, బురదతో మూసుకుపోయి ఉంటే పిన్నుతో తీయి. అది మూసుకుంటే వేడెక్కిన గాలి సీలునే తోసుకుని పోతుంది. మధ్యాహ్నం అన్నానికి ఆపినప్పుడు రోటవేటర్‌ను నీళ్ళలోనే వదలకు. వేడి డబ్బా చల్లారేటప్పుడు సీలు సందులోంచి నీళ్ళు లోపలికి పీలుస్తుంది.

గేర్ డ్రైవ్ మాట ఇప్పుడు వదిలెయ్. దానికీ కింద సీలు, బేరింగే. లోపలికి నీళ్ళు పోతే అదీ ఇంతే, రిపేరు ఇంకా ఎక్కువ.

ఆయిల్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే లెవెల్ బోల్టు దాకా పొయ్యి, అంతకు మించి వద్దు. ఎక్కించాక నీళ్ళు లేని మడిలో అరగంట నడిపి, ఆపి, డబ్బా కింది అంచు గుడ్డతో తుడిచి చూడు. గుడ్డకు ఆయిల్ అంటకపోతే దమ్ములోకి దించు. రోజూ సాయంత్రం షాఫ్ట్ చుట్టూ చుట్టుకున్న గడ్డి, తాడు కోసి తీయడం మాత్రం మానొద్దు. బ్లేడు ఏదైనా ఊడిపోయి ఉంటే అప్పుడే బిగించు, ఒక పక్క ఖాళీగా తిరిగితే ఆ ఊపు కొత్త బేరింగు మీదే పడుతుంది.