అప్‌డేట్: పర్లాకిమిడిలో జూనియర్లకు నేర్పడం మొదలుపెట్టాను

రెండు నెలల కిందట అడిగాను: ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా స్కిన్ క్లినిక్‌లో ఇద్దరు కుర్ర డాక్టర్లకు పీల్స్ (యాసిడ్ రాసి చర్మం పైపొర ఊడేలా చేయడం), ఫిల్లర్లు (సూదితో చర్మం కింద జెల్ నింపడం) నేర్పే బాధ్యత నెత్తికెత్తుకోవచ్చా అని. "ఒప్పుకోండి మేడమ్, కానీ ముందు చూడనివ్వండి, సూది తర్వాత" అన్నారు చాలామంది. అలాగే చేశాను.

మొదటి మూడు వారాలు ఫొటోలు తీయడం, సమ్మతి పత్రం చదివి వినిపించడం, అంతే. ఆ పత్రం ఒడియాలో ఉండేది. ఇక్కడ మనవాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇప్పుడు తెలుగులోనూ రాయించాను. ఎప్పుడో చేయాల్సిన పని.

మొన్న ఆ ఇద్దరిలో చిన్నమ్మాయి తన మొదటి గ్లైకాలిక్ పీల్ వేసింది, 30 శాతం. బ్రష్ పట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి. రెండో నిమిషంలో ముక్కు పక్క మడతలో తెల్లగా తేలింది, అంటే యాసిడ్ లోతుకు పోతోందన్నమాట. నేను నోరు తెరిచేలోపే, యాసిడ్‌ను ఆపే సోడియం బైకార్బొనేట్ ద్రావణం అద్దేసింది. మన చామనఛాయ చర్మం మీద కాస్త ఆలస్యమైతే నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోవచ్చు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఫిల్లర్ల దగ్గర మాత్రం ఇంకా నా చెయ్యే. హైలురానిక్ యాసిడ్ ఫిల్లర్ అయితే, దాన్ని కరిగించే హైలురానిడేస్ ట్రేలో కనబడందే సిరంజి విప్పనివ్వను. ఫిల్లర్ రక్తనాళంలోకి పోతే చర్మం పాలిపోతుంది, నొక్కి వదిలినా రంగు త్వరగా తిరిగిరాదు. అప్పుడు మందు కోసం బరంపురం ఫోన్ చేస్తూ కూర్చోలేం. అందుకే రోజూ ఒకరి గోరు ఒకరు నొక్కి, రంగు ఎంతసేపటికి వస్తుందో చూడమంటున్నాను.

పేషెంట్లను కొంచెం తగ్గించుకున్నాను. ఇంకో అమ్మాయి వస్తానంటోంది, ఈ ఇద్దరి చెయ్యి కుదిరేదాకా ఆగమన్నాను.