‘వన్ మోర్ టర్న్’కు తెలుగేది? మలుపు, ఎత్తు, వంతు

ప్రశ్న (గుంటూరు నుంచి)

పెద్దలకు నమస్కారం. ఫ్రీసివ్ అనే ఉచిత కంప్యూటర్ ఆటలోని మాటలను నేనూ నా స్నేహితుడూ తీరిక వేళల్లో తెలుగులోకి మార్చుకుంటున్నాము. 1991లో వచ్చిన సివిలైజేషన్ అనే ఆటను ఒరవడిగా తీసుకొని డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు దీన్ని తయారుచేసి 1996లో విడుదల చేశారు. చిన్న ఊరితో మొదలుపెట్టి సామ్రాజ్యం దాకా పెంచుకుంటూ పోయే ఈ ఆటలో అడుగడుగునా ‘టర్న్’ అన్న మాట వస్తుంది. నా స్నేహితుడు దానికి ‘మలుపు’ అంటున్నాడు, నాకు ‘ఎత్తు’ నయమనిపిస్తున్నది. ఈ తరహా ఆటలు ఆడేవారందరి నోటా నానే ‘వన్ మోర్ టర్న్’ను ఎలా చెబితే అందులోని చమత్కారం చెడకుండా ఉంటుందో దయచేసి చెప్పగలరు.

జవాబు (విజయవాడ నుంచి)

‘మలుపు’ను ముందే పక్కన పెట్టవచ్చు. దారికీ కథకూ మలుపులుంటాయి గాని ఆడేవాడికి ఉండవు. “ఇప్పుడు నీ మలుపు” అని అష్టాచెమ్మా దగ్గర ఎవరూ అనరు. నిఘంటువులో ఇంగ్లీషు మాటకు ఎదురుగా మొదట కనిపించిన అర్థాన్ని దింపేసుకుంటే వచ్చే చిక్కు ఇదే.

‘ఎత్తు’ను అంత తేలికగా తోసిపుచ్చలేము. చదరంగంలో అది స్థిరపడిన మాట, ఎత్తుకు పైఎత్తు అన్న నానుడి కూడా దాని వెంట ఉన్నది. అయితే చదరంగంలో మామూలుగా ఒకసారికి ఒక్క పావునే కదుపుతాము కనుక అక్కడ ఎత్తుకూ వంతుకూ తేడా తెలియదు. మీరు చెప్పిన ఆటల్లో, రాజ్యం కాస్త పెరిగిన తరువాత, ఒక దళాన్ని కనుమ దాటించడం, ఒక ఊళ్లో ధాన్యాగారానికి పని మొదలుపెట్టడం, ఇంకొక ఊరి పొలాలకు నీరు మళ్లించడం, పొరుగు రాజుతో సంధి మాట్లాడడం, ఇవన్నీ ఒకే ‘టర్న్’లో జరిగిపోతాయి. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక ఎత్తే. అవన్నీ ముగించి, ఇక ఎదుటివారు కానివ్వండి అని ఆట అప్పగించేదాకా ఉన్నది వంతు. ఒక వంతులో పది ఎత్తులు ఉండవచ్చు, ఒక్కటీ లేకపోవచ్చు. కాబట్టి మీకు రెండు మాటలూ అవసరమే, దేని చోట దాన్ని వాడుకోండి.

‘వంతు’ నాకు నచ్చడానికి ఇంకొక కారణం ఉన్నది. 2016లో వచ్చిన సివిలైజేషన్ ఆరవ ఆటను మామూలు వేగంలో ఆడితే, క్రీస్తు పూర్వం 4000లో మొదలై 500 వంతుల్లో 2050కి చేరుతుంది. మొదట్లో ఒక్కో వంతుకు 40 ఏళ్లు గడిచిపోతాయి. తరువాత 25, 20, 10 అంటూ తగ్గుతూ వచ్చి చివరికి వంతుకు ఆరు నెలలే అవుతుంది. ఏడాది అనో కాలం అనో అనువదిస్తే ఈ కొలత దగ్గరే తప్పుతుంది. వంతుకు ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే అది కాలాన్ని కాదు, వరసను చెబుతుంది. నీటి ఎద్దడి వచ్చినప్పుడు కాలువలకు వంతులవారీగా నీరు వదులుతారు గదా; కొమ్మమూరు కాలువ కింద రైతు “మా వంతు రాత్రి పడింది” అన్నప్పుడు, ఆ మాటలో తనకు వచ్చిన నీరూ ఉన్నది, అంతదాకా ఇతరుల పొలాలకు పారిన నీరూ ఉన్నది. ఇంగ్లీషు మాటకు ఇంత దగ్గరగా వచ్చే తెలుగు మాట ఇంకొకటి నాకు తోచడం లేదు.

ముప్పై ఏళ్లు దాటినా సివిలైజేషన్ ఆటను జనం వదలకపోవడానికి కారణం కూడా ఆ వరసలోనే ఉన్నదని నా అభిప్రాయం. దాని రూపకర్త సిడ్ మైయర్ తయారుచేసిన తొలి నమూనాలో కాలం ఆగకుండా నడిచేది, ఆడేవాడు పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉండేది. దాన్ని పక్కన పెట్టి, తోటి రూపకర్త బ్రూస్ షెల్లీతో కలిసి వంతుల పద్ధతిలో మళ్లీ అల్లిన తరువాతనే మనకు తెలిసిన ఆట తయారైంది. వంతుల పద్ధతి అంటే తీరికగా ఆలోచించుకోవచ్చు గనుక ఎప్పుడైనా లేచిపోవచ్చని అనుకుంటాము. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. ధాన్యాగారం పూర్తి కావడానికి మూడు వంతులు, లిపి కనిపెట్టడానికి ఐదు, కొత్త ఊరు కట్టబోయే జనం గమ్యం చేరడానికి రెండు, అద్భుత కట్టడానికి పన్నెండు అని తెరమీద లెక్కలు కనిపిస్తూనే ఉంటాయి. అన్ని పనులూ ఒకేచోట తెగితే లేవవచ్చును గాని, ఒకటి ముగిసే వంతులో మరొకటి సగంలో ఉంటుంది, ఇంకొకటి అప్పుడే మొదలవుతుంది. లేవడానికి సందు ఎక్కడా దొరకదు.

ఇక ‘వన్ మోర్’ సంగతి. ఇక్కడ తెలుగు ఇంగ్లీషును మించిపోతుందని కాస్త గర్వంగానే చెబుతాను. ‘ఇంకొక వంతు’ అంటే లెక్కకు మరొకటి చేరిందని మాత్రమే. ‘ఇంకొక్క వంతు’ అనండి, ఆ కకారపు ఒత్తుతో బతిమాలుకోవడం వచ్చి చేరుతుంది. “ఇంకొక ముద్ద పెట్టనా” అన్నప్పుడు అది ప్రశ్న, “ఇంకొక్క ముద్ద తినరా” అన్నప్పుడు అది బుజ్జగింపు. ఒత్తు ఉన్నచోట ఆ ఒక్కటితో అయిపోతుందన్న హామీ కూడా ఉంటుంది, ఆ హామీ నిలబడదని చెప్పేవారికీ వినేవారికీ తెలుసు. అన్నం చల్లారిపోతున్నదని వంటింట్లోంచి పిలుపు వస్తే “ఇంకొక్క వంతేనమ్మా” అనే కుర్రవాడు ఆ చివరి ఏకారంతో అబద్ధాన్ని మరింత ముద్దుగా చెబుతాడు. చమత్కారం చెడకూడదన్నారు గనుక ఒత్తును మాత్రం వదలవద్దు.

వ్యాఖ్య (తెనాలి నుంచి)

వివరణ బాగున్నది గాని ఒక అభ్యంతరం. ‘వంతు’ అనగానే మా ఈడు వారికి ముందు తోచేది వాటా. “నా వంతు సాయం చేశాను”, “ఆస్తిలో మూడో వంతు” అంటాము. ఈ ఆటలో భూమి, ధాన్యం, బంగారం అన్నీ పంచుకునేవే అయినప్పుడు, ‘మూడు వంతులు మిగిలాయి’ అని తెరమీద కనిపిస్తే ధాన్యంలో మూడు భాగాలు మిగిలాయని చదవరా? అసలు విజయవాడ కుర్రవాళ్లు ‘ఇంకో టర్న్’ అనే అంటున్నారు. దాన్నే తెలుగు లిపిలో ఉంచితే ఏమి నష్టం?

జవాబు (విజయవాడ నుంచి)

మాష్టారూ, మీ అభ్యంతరంలో సగం ఒప్పుకోక తప్పదు. ‘మూడు వంతులు మిగిలాయి’ నిజంగానే తికమక పెడుతుంది. దాన్ని ‘మూడు వంతుల్లో పూర్తవుతుంది’ అని మారిస్తే ‘లో’ విభక్తి వచ్చి వాటా అర్థాన్ని ఆపేస్తుంది. లెక్క ఉన్న ప్రతిచోటా క్రియను కూడా రాయడం మంచిది, సంఖ్యను ఒంటరిగా వదలకూడదు. వాటా అర్థాన్ని పూర్తిగా తుడిచేయాలని మాత్రం నాకు లేదు, వరసలో మనకు దక్కిన భాగమే గదా వంతు.

‘టర్న్’ అనడంలో తప్పేమీ లేదు, నోటిమాటలో నేనూ అంటాను. కాని అనువదించేవారు ‘టర్న్‌ను ముగించు’, ‘టర్న్‌కు ఆదాయం’ అని రాసుకుంటూ పోతే పొల్లు మీద విభక్తి చేరిన ప్రతిచోటా కన్ను తట్టుకుంటుంది. ‘వంతుకు ఆదాయం’ అంటే ఆ బాధ లేదు.

గుంటూరు మిత్రులకు చివరిగా ఒక మాట. సివిలైజేషన్ ఆరవ ఆటలో గెలుపు ప్రకటించిన తరువాత కూడా ఆడుతూ పోవడానికి ‘వన్ మోర్ టర్న్’ అనే బొత్తాం ఉంటుంది. అటువంటి బొత్తాం మీ అనువాదంలో పెట్టవలసి వస్తే ‘ఇంకొక్క వంతు’ అని ఉంచండి, ‘ఆట కొనసాగించు’ అని మాత్రం రాయవద్దు. మామూలుగా వంతు ఒప్పగించే బొత్తానికి ‘వంతు ముగించు’ సరిపోతుంది. చోటు ఇరుకైతే ‘వంతు అయింది’ అని కూడా అనవచ్చు గాని, అది ఆజ్ఞా, సమాచారమా అన్నది తేలదు గనుక నేను మొదటిదానికే మొగ్గుతాను.