రెజ్యూమేలో కాస్‌ప్లే గురించి రాయొచ్చా?

అట్టకిరీటం (ప్రశ్న)

రెండున్నరేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నా. వచ్చే నెల ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూ, ఈవెంట్లూ ప్రోడక్ట్ లాంచ్‌లూ చూసుకునే ఆపరేషన్స్ ఉద్యోగానికి. నా రెజ్యూమేలో చూస్తే టెస్ట్ కేసులు, బగ్ రిపోర్టులు తప్ప ఇంకేం లేవు. ఆఫీసు దాటితే మాత్రం నా లోకమంతా కాస్‌ప్లే (సినిమా, కామిక్ పాత్రల్లా వేషాలు కట్టడం), కామిక్స్, బోర్డ్ గేమ్స్. నాలుగేళ్ల నుంచి ఫోమ్‌తో కవచాలు, హెల్మెట్లు సొంతంగా చేసుకుంటున్నా, ఇలాంటి అభిమానులంతా కలిసే ఒక ఫ్యాన్ కన్వెన్షన్‌కి మూడేళ్లుగా వాలంటీర్‌గా కూడా వెళ్తున్నా (అక్కడ పెద్ద పనేం కాదు, క్యూలు చూసుకోవడమే, పోయినసారి టికెట్ స్కానర్లు మొరాయిస్తే జనాన్ని సర్దాం, అంతే).

పోయిన ఇంటర్వ్యూలో హాబీలేంటని అడిగితే నోరు పెగలక "పుస్తకాలు చదువుతానండి" అనేశా. ఈ మధ్య ఏం చదివారు అన్నారు. ఇక చూసుకోండి నా అవస్థ.

ఇవన్నీ రాస్తే పిల్లచేష్టలు అనుకుంటారని మా ఫ్రెండ్ అంటున్నాడు. రాయాలా వద్దా?

పాతకాపు

నేను టేబుల్‌కి అవతలి వైపు కూర్చునే మనిషిని. "కాస్‌ప్లే అంటే ప్రాణం" అని రాస్తే నిజంగానే నాకేం అర్థం కాదు, అది మీ ఇష్టం, దాంతో నాకేం పని. ఏం చేశారో రాస్తే మాత్రం ఆగి చదువుతా.

అసలు మీరు బ్రాకెట్‌లో పడేసిన ముక్కే ఈ ఉద్యోగానికి కావాల్సింది. స్కానర్లు ఆగినప్పుడు బయట ఎంతమంది ఉన్నారు? మీరు స్వయంగా ఏం చేశారు? ఎంతసేపట్లో సర్దుకుంది? ముందు అది చెప్పండి, హెల్మెట్ సంగతి తర్వాత చూద్దాం.

గీతలపిచ్చి

నాది కొంచెం వేరే అనుభవం, అందరూ వాయించే పాటకి నేను తాళం వేయలేను. కన్వెన్షన్లలో ఆర్టిస్ట్ టేబుల్ పెట్టుకుని ఫ్యాన్ ఆర్ట్ (పేరున్న పాత్రల్ని అభిమానులు గీసే బొమ్మలు) ప్రింట్లు అమ్మేదాన్ని. బాగానే పోయేవి. ఆ ధైర్యంతో అవే బొమ్మలు పట్టుకుని, మన పని చూసి తప్పొప్పులు చెప్పే పోర్ట్‌ఫోలియో రివ్యూకి వెళ్లా. రివ్యూ చేసేవాయన పేజీలు తిప్పుతూ, అందరికీ తెలిసిన హీరో నిలబడి కండలు చూపిస్తున్న బొమ్మలు పదకొండు చూసి, ఇద్దరు మనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకునే పేజీ ఒక్కటైనా ఉందా అని అడిగాడు. లేదు. చేతులు ఎక్కడ దాచావో తెలుస్తోంది అని కూడా అన్నాడు, ఎందుకంటే సగం బొమ్మల్లో చేతులు వెనక్కి పెట్టేశా. ఏడుపొచ్చింది కానీ ఆ ఐదు నిమిషాలే నాకు పనికొచ్చాయి.

ఇంకోటి, వేరేవాళ్ల పాత్రలు గీసి అమ్మడంలో కాపీరైట్ చిక్కు ఉంటుంది, చాలామంది హక్కుదారులు చూసీ చూడనట్టు ఊరుకుంటారు కానీ అది అనుమతి కాదు. ఉద్యోగానికి వెళ్లేటప్పుడు సొంత పాత్రలతో చేసిన పని ముందు పెట్టండి. ఆటోగ్రాఫ్ లైన్లో నిలబడి గెస్ట్ చేతిలో రెజ్యూమే కుక్కడం మాత్రం దయచేసి వద్దు, వెనకాల నిలబడి చూశాను, సిగ్గుతో నేనే చచ్చిపోయా.

ఆర్డర్లు మొదలయ్యాక నాకు సరదాగా గీయడం దాదాపు ఏడాది ఆగిపోయింది. ప్రతి హాబీనీ జీతంగా మార్చాల్సిన పనిలేదు, కొన్నిటిని అలా వదిలేయండి.

అట్టకిరీటం

@పాతకాపు బయట సుమారు మూడొందల మంది ఉన్నారండీ. ముందే కొన్నవాళ్లు, అప్పుడే కొనేవాళ్లు ఒకే లైన్లో ఇరుక్కుపోయారు. నేలమీద టేప్ వేసి రెండు లైన్లు చేశా, ముందే కొన్నవాళ్ల జాబితా ప్రింట్ తీయించి పేరులో మొదటి అక్షరాన్ని బట్టి నాలుగు టేబుళ్లకి పంచాం, పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ రిస్ట్‌బ్యాండ్లు కట్టాం. నలభై నిమిషాల్లో లోపలికి పంపేశాం. తర్వాత ఆ టిక్కులన్నీ సిస్టమ్‌లో ఎక్కించడానికి రాత్రి పది దాటింది.

పాతకాపు

దీన్ని "అంతే" అన్నారా! ఇదే రాయండి, వాలంటీర్ అనుభవం కింద, ఉన్నది ఉన్నట్టు రెండు లైన్లలో: స్కానర్లు ఆగాయి, సుమారు 300 మంది, ప్రింటెడ్ జాబితాతో నాలుగు టేబుళ్లు, 40 నిమిషాలు. ఆ రాత్రి డేటా ఎక్కించిన సంగతి మాత్రం మర్చిపోకండి, చాలామంది గొడవ సర్దాం అంటారు కానీ తర్వాతి చెత్త ఎవరు ఊడ్చారో చెప్పరు.

రెట్రోరాజు

పిల్లచేష్టలు అన్న ఆ ఫ్రెండ్‌కి ఈ కథ చెప్పండి. 1981లో జపాన్‌లోని ఒసాకాలో జరిగిన సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌కి కొందరు కుర్రాళ్లు ఓపెనింగ్ యానిమేషన్ చేసి ఇచ్చారు. వాళ్లలో తర్వాత పేరున్న యానిమే దర్శకుడైన హిదెయాకి అన్నో కూడా ఉన్నాడు, ఆ బృందం నుంచే 1984లో గైనాక్స్ అనే యానిమేషన్ స్టూడియో పుట్టింది. గేమ్స్‌లో చూస్తే కౌంటర్ స్ట్రైక్ 1999లో ఇద్దరు అభిమానులు హాఫ్ లైఫ్ అనే గేమ్ మీద చేసిన మోడ్ (ఉన్న గేమ్‌ని మార్చి చేసే కొత్త ఆట), మరుసటేడే హాఫ్ లైఫ్ తీసిన కంపెనీ వాల్వ్ దాన్ని కొనుక్కుని వాళ్లని ఉద్యోగంలోకి తీసుకుంది.

అలాగని అందరికీ ఇలా జరుగుతుందని కాదు, మోడ్లు చేసి వదిలేసినవాళ్లు వేలల్లో ఉంటారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. కాకపోతే ఆ ఇద్దరూ "మాకు గేమ్స్ ఇష్టం" అని చెప్పుకోలేదు, ఆడి చూసుకోమని ఫైలు పెట్టారు.

అట్టకిరీటం

థాంక్స్ అందరికీ. మరి హెల్మెట్ అసలు వద్దా? అద్దం మీద ఆవిరి పట్టి దారి కనిపించేది కాదు, పాత కంప్యూటర్‌లోని చిన్న ఫ్యాన్ లోపల బిగించి పవర్ బ్యాంక్‌కి కలిపా. కన్వెన్షన్‌కి వారం ముందు ఇంట్లో గంటసేపు పెట్టుకుని తిరిగితే వైరు చెవికి రాసుకుంటోందని తెలిసింది, మళ్లీ విప్పి దారి మార్చా.

పాతకాపు

ఇంటర్వ్యూలో హాబీలేంటని అడిగినప్పుడు సరిగ్గా ఇదే చెప్పండి. టెస్టింగ్ వాడి బుద్ధి ఎక్కడికి పోతుంది! ఫోన్‌లో ఒక్క ఫొటో ఉంచుకోండి, అడిగితేనే తీయండి. హెల్మెట్ పెట్టుకుని మాత్రం వెళ్లకండి 😄