మిషనరీ కుటుంబాలు సంఘాలన్నీ ఎందుకు తిరగాలి?

ప్రశ్న: అమెరికాలోని స్వతంత్ర బాప్టిస్టు మిషనరీలు విదేశాలకు బయలుదేరే ముందు, భార్యాపిల్లలతో సహా ఎన్నో సంఘాలను (చర్చిలను) దర్శించి సహాయం కోరుతారని చదివాను. ఏదైనా ఒక సంస్థే వారికి జీతం ఇవ్వకూడదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు: ప్రతి స్థానిక సంఘమూ స్వయంపాలన కలిగినదని, మిషనరీని పంపే అధికారం సంఘానిదేనని వారి విశ్వాసం. మిషన్ బోర్డు ఉన్నా, అది ప్రధానంగా కానుకలను చేరవేసి లెక్కలు చూస్తుంది. ఒక్కొక్క సంఘం నెలనెలా కొద్ది మొత్తమే ఇస్తుంది కాబట్టి అనేక సంఘాల తోడ్పాటు అవసరమవుతుంది. అమెరికాలోనే మరో బాప్టిస్టు వర్గమైన సదరన్ బాప్టిస్టుల పద్ధతి వేరు. వారు 1925లో ఏర్పరచుకున్న ఉమ్మడి నిధి నుంచి, ఏటా క్రిస్మస్ కాలంలో సేకరించే ప్రత్యేక కానుక నుంచి మిషనరీలను పోషిస్తారు.

రెండవ జవాబు: ఈ ప్రయాణాలకు పాత చరిత్ర ఉంది. అమెరికన్ మిషనరీ అడోనిరామ్ జడ్సన్ బర్మాలో సేవ ఆరంభించగా, ఆయన సహచరుడు లూథర్ రైస్ 1813లో అమెరికాకు తిరిగి వచ్చి బాప్టిస్టు సంఘాలను దర్శిస్తూ మద్దతు కూడగట్టారు. మరుసటి ఏడే ఫిలడెల్ఫియాలో ఆ బాప్టిస్టుల జాతీయ మిషనరీ సంస్థ ఏర్పడింది.

మూడవ జవాబు: డబ్బు ఒక్కటే ప్రయోజనమైతే ఉత్తరాలు చాలేవి. ఆ కుటుంబాన్ని ముఖాముఖి చూసి, పిల్లలను పేరుపేరునా ఎరిగిన విశ్వాసులు ఏళ్ల తరబడి ప్రార్థిస్తారు. అయితే ఆ పిల్లల చదువు ప్రయాణాల మధ్యనే సాగుతుంది, తల్లికి విశ్రాంతి దొరకదు. అందుకే సహాయం చేయగలరో లేదో సంఘాలు త్వరగా, స్పష్టంగా తెలియజేయడం న్యాయమని నా దృఢాభిప్రాయం.