గూగుల్ క్లాస్‌రూమ్‌లో అసైన్‌మెంట్లను పాఠాలవారీగా సర్దడం ఎలా?

ప్రశ్న:
నేను తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. జూన్ నుంచి ఇచ్చిన ఇంటిపనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్షలు కలిపి 40 దాటాయి. అవన్నీ గూగుల్ క్లాస్‌రూమ్‌లో (ఆన్‌లైన్‌లో పనులు ఇచ్చి దిద్దే వేదిక) క్లాస్‌వర్క్ పేజీలో ఒకే వరుసలో పేరుకుపోయాయి. మొన్న ఒక విద్యార్థిని వాళ్ల నాన్నగారి ఫోనులో చాలాసేపు వెతుక్కుని, చివరికి ‘గమన నియమాలు’ లెక్కలను ‘చలనం’ పాఠం అసైన్‌మెంటుకు జతచేసి పంపింది. రెండింటికీ నేను ‘హోంవర్క్’ అనే పేరే పెట్టాను కాబట్టి ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. పాఠానికొక ఫోల్డరు, అందులో మళ్లీ ప్రాజెక్టులకూ లఘు పరీక్షలకూ వేర్వేరు ఫోల్డర్లు పెట్టుకునే వీలుందా? విద్యార్థులు ఇప్పటికే సమర్పించినవీ, నేను వేసిన మార్కులూ చెదరకూడదు.

మొదటి సమాధానం:
మేడమ్, ఫోల్డరులో ఫోల్డరు పెట్టే సౌకర్యం అందులో లేదు. ఉన్నది ‘టాపిక్’ అనే శీర్షిక ఒక్కటే, ఒక అసైన్‌మెంటు ఒక టాపిక్ కిందే ఉంటుంది. క్లాస్‌వర్క్ పేజీలో ‘క్రియేట్’ నొక్కి, ‘టాపిక్’ ఎంచుకుని పాఠం పేరు ఇవ్వండి. తరువాత పాత అసైన్‌మెంటు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ‘ఎడిట్’లో టాపిక్ మార్చండి. కంప్యూటర్‌లోనైతే నేరుగా లాగి ఆ టాపిక్ కింద వదలవచ్చు. జవాబులకూ మార్కులకూ ఏమీ కాదు. పొరపాటున టాపిక్‌ను తొలగించినా అందులోని అసైన్‌మెంట్లు పోవు.

రెండవ సమాధానం:
పై సమాధానం సరైనదే గానీ, మేడమ్ అడిగిన రెండో అంచె, అంటే ప్రాజెక్టులనూ లఘు పరీక్షలనూ వేరుచేయడం గురించి కూడా చెప్పాలి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో (బోధన సాగుతుండగా చేసే మూల్యాంకనం) మనం చూసే రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష వంటివాటినే టాపిక్‌లుగా పెట్టే ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. అది మార్కులు వేసేవారికి అనుకూలమే తప్ప, ‘గురుత్వాకర్షణ’ చదువుకుంటూ దానికి సంబంధించిన పని కోసం వెతికే విద్యార్థికి అనుకూలం కాదని నా గట్టి అభిప్రాయం. కాబట్టి టాపిక్‌ను పాఠానికే ఉంచి, తరగతి సెట్టింగ్స్‌లో ‘గ్రేడ్ కేటగిరీ’లుగా (మార్కుల విభాగాలు) ఆ అంశాలను చేర్చండి. ఒక్కో అసైన్‌మెంటుకు అటు టాపిక్‌నూ ఇటు కేటగిరీనీ ఇవ్వవచ్చు గనుక మీరు కోరిన రెండు వర్గీకరణలూ వస్తాయి. ఇక పేర్ల విషయం మరీ ముఖ్యం. ‘హోంవర్క్’ అని వదిలేయకుండా పాఠం సంఖ్యతో మొదలుపెట్టి ‘03 గమన నియమాలు – లెక్కలు 1 నుంచి 5’ అని రాస్తే, ఫోను తెరమీద మొదటి రెండు మాటలు చూసినా ఏ పాఠమో తెలిసిపోతుంది. నేను అన్నింటికంటే పైన ‘ఈ వారం’ అనే టాపిక్ ఒకటి ఉంచి, గడువు ముగిసినవాటిని శనివారం వాటి పాఠం కిందికి మారుస్తాను.

మూడవ సమాధానం:
ఒక జాగ్రత్త చెప్పాలి. మీ ఫైళ్లు దాచుకునే గూగుల్ డ్రైవ్‌లో క్లాస్‌రూమ్ అనే ఫోల్డరు, అందులో తరగతికొక ఫోల్డరు వాటంతట అవే ఏర్పడతాయి. అక్కడ ఎంత సర్దినా విద్యార్థులకు కనిపించే క్లాస్‌వర్క్ పేజీ మారదు, కాబట్టి ఆ శ్రమ పడకండి. వచ్చే ఏడాదికి ఈ తరగతిని ‘కాపీ’ చేసుకుంటే టాపిక్‌లూ అసైన్‌మెంట్లూ డ్రాఫ్టులుగా (ఇంకా ప్రచురించని రూపంలో) వస్తాయి, విద్యార్థులూ వారి జవాబులూ రారు. అందుకే ఇప్పుడు సర్దిన పని వృథా కాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఐదు పాఠాలకు టాపిక్‌లు పెట్టి, పాతవన్నీ పేర్లు మార్చి సర్దాను. మార్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ‘చలనం’ కింద తప్పుగా చేరిన ఆ జవాబును విద్యార్థినికి తిరిగి పంపి, సరైన చోట సమర్పించమని వ్యాఖ్య రాశాను. ఈ ఉదయం ‘03’ కింద ఆ లెక్కలు చేరాయి.