కందమూల కౌద్దాలికులా, గౌద్దాలికులా?

మోటబావి:
మొన్న మాదాపూర్ శిల్పారామంలో ఒక బొంత చూశాను. పాత చీరల మీద పొలం మొత్తం కుట్టేసింది దాన్ని చేసినావిడ. ఎడ్లకు తెల్ల పంచె గుడ్డ, బావి నీళ్లు తోడే మోటతొండానికి చిరిగిన గొడుగు గుడ్డ. మోట, ఎడ్లు లాగే కచ్చురం, ధాన్యం పోసే గుమ్మి... ఇప్పుడు మా ఊళ్లో వెతికినా దొరకనివన్నీ. అంచున గొలుసుకుట్టుతో పోతన పద్యం: 'హాలికులైన నేమి గహనాంతరసీమలఁ గందమూల కౌద్దాలికులైన నేమి'. మా తాత మాత్రం 'గౌద్దాలికులు' అనేవాడు. ఏది సరి? తప్పయితే ఆవిడకు చెప్దామని.

అరసున్న:
కౌ. కుద్దాలం అంటే గుద్దలి, దాంతో బతికేవాడు కౌద్దాలికుడు. 'సీమలన్'లోని ద్రుతం (చివరి న్) వల్ల 'కంద' కాస్తా 'గంద' అయింది, దాని పని అక్కడితో సరి. 'కందమూల కౌద్దాలిక' ఒకే సంస్కృత సమాసం. మధ్యలో ద్రుతమే లేనప్పుడు గ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంతకీ ఆవిడ అరసున్న కుట్టిందా?

మోటబావి:
కుట్టిందండీ. ఎర్ర దారంతో, గోరంత.

అరసున్న:
అయితే ఆవిడకు మనం చెప్పేదేం లేదు. నేర్చుకోవాల్సిందే.

పలుగుపార:
తొందరెందుకు? గౌ అని అచ్చయిన ప్రతులూ ఉన్నాయి. చాటువుకు నోరే తాళపత్రం, గుద్దలి పట్టినవాడి నోటికి గౌ రాక ఏమొస్తుంది? పైగా అది ఉత్పలమాల పాదంలో చివరిది, 20వ అక్షరం. యతి 10వ అక్షరం దగ్గరే తీరిపోయింది. ప్రాసకూ దీనికీ సంబంధం లేదు. ఛందస్సు మీకు సాక్ష్యం చెప్పదు.

పడుగుపేక:
మా రాయచూరు వైపు బొంతనే కౌది అంటారు. బొంత మీద కౌ ఉండటమే న్యాయం :)

తెల్లకాగితం:
అసలు పద్యం పోతనదేనా? మంచన అనే కవి పేరు కూడా చెప్తారు కదా.

పలుగుపార:
బమ్మెరలో పోతన దున్నిన పొలం ఇదేనని ఇప్పటికీ చూపిస్తారు. ఆ గట్టు మీద నిలబడి ఆ మాట అనండి చూద్దాం.

పడుగుపేక:
జోక్ పక్కన పెడితే, హాలికుడికి నాగలీ ఎడ్లూ ఉన్నాయి. అడవిలో దుంపలు తవ్వుకునేవాడికి గుద్దలి ఒక్కటే. కవి ఒక మెట్టు దిగి, చాలక ఇంకో మెట్టు దిగాడు. మీ క, గ గొడవలో అది పోతోంది. బొంతలో ఆ తవ్వే మనిషి ఉన్నాడా?

మోటబావి:
లేడండీ. దున్నేవాడే ఉన్నాడు.

అరసున్న:
ఫొటో పెట్టండి.

మోటబావి:
పెట్టాను. మడత సరిగ్గా ఆ అక్షరం మీదే పడింది. కను గ నుంచి వేరు చేసే అడ్డగీత ఉందో లేదో నాకూ తెలియడం లేదు.

పలుగుపార:
అంటే కౌ అని మీరు చదివింది కూడా అనుమానమే!

అరసున్న:
అది సరే గానీ, పద్యం రెండో పాదం మొదట్లోని 'గూళల'లో ప్రాస దగ్గర ళ ఉంది, మిగతా మూడు పాదాల్లో ల. దాన్ని ఆవిడ ఎలా కుట్టిందో చూశారా?