అప్‌డేట్: నగరం మధ్యలో చిన్న ఫ్లాటా, శివారులో పెద్ద ఇల్లా?

పిల్లలున్న కుటుంబానికి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి ఈ రెండిట్లో ఏది మేలని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. లెక్కలు వేసి చూస్తే తేలింది ఇది.

అద్దెలు మాత్రమే పోలిస్తే లెక్క తప్పుతుంది. శివారు నుంచి ఆఫీసుకి వెళ్లడానికి 45 నిమిషాలు, రావడానికి 45 నిమిషాలు పడితే, 22 పనిదినాలకి నెలకి 33 గంటలు దారిలోనే పోతాయి. అదే నగరం మధ్య నుంచి ఒక్కో వైపు 20 నిమిషాలైతే 15 గంటల లోపే. ఇద్దరు ఉద్యోగులుంటే తేడా రెట్టింపు. రెండో బండి అవసరం లేకపోతే దాని వాయిదా, ఇంధనం, పార్కింగ్ కూడా మిగులుతాయి. నగరం మధ్యలో ఉంటే యువతకి ఇంకో లాభం: ఉద్యోగం మారినా ఇల్లు మారక్కర్లేదు.

పిల్లలుంటే మాత్రం దూరం కంటే దారి ముఖ్యం. బడి 800 మీటర్లే అయినా మధ్యలో ఫుట్‌పాత్ లేని పెద్ద రోడ్డుంటే రోజూ ఎవరో ఒకరు వెంట వెళ్లాల్సిందే. మ్యాప్‌ని నమ్మకండి, బడి వేళకి నడిచి చూడండి.

శబ్దం సంగతి పగలు తెలియదు. రాత్రి పదకొండింటికి పడకగది కిటికీ తెరిచి వినాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో యూరప్‌కి సూచించిన రాత్రి పరిమితి ఇంటి బయట 40 డెసిబెల్స్. రోడ్డువైపు కాకుండా వెనకవైపు పడకగదులున్న ఫ్లాట్‌కి కాస్త ఎక్కువ అద్దె ఇచ్చినా తప్పులేదు.